మస్క్లెతాను పొట్టతో వినాలి

వాలెన్సియా వచ్చి మా కబన్యాల్ పేటలో నా ఇంట్లో దిగేవాళ్లకు గది తాళం ఇచ్చేముందు నాలుగు ముక్కలు చెప్పడం నా అలవాటు. వినే ఓపిక లేనివాళ్లకు గది ఇవ్వను. పాయెల్లా, అంటే మా మాంసం అన్నం, మధ్యాహ్నం తినే తిండి, రాత్రిపూట అడగొద్దు. అడిగితే వండిపెట్టే హోటళ్లూ ఉన్నాయి, కానీ అక్కడ తిన్నానని నాతో మాత్రం చెప్పొద్దు. గుమ్మం ముందు తిండి బొమ్మలు అతికించిన చోటికి అసలు పోవద్దు. పొద్దున్న లేవగానే కడుపు నింపుకోవద్దు. పది దాటాక ఏదో ఒక సందులో కూలీలూ గుమాస్తాలూ కూర్చున్న బల్ల చూసుకుని, మూరెడు రొట్టెలో సాసేజీ పెట్టించుకుని, ఆలివ్ కాయలూ వేరుశనక్కాయలూ నములుతూ తీరుబడిగా కూర్చోవాలి. పెద్ద బజారులో చేపల ఫొటో తీయాలంటే ముందు ఏదైనా కొనాలి. సముద్రం ఎంత నీలంగా పిలిచినా మార్చిలో దిగొద్దు. ఫాయస్ పండుగకు వస్తే నిద్ర మీద ఆశ వదులుకోవాలి. తెల్లారకముందే వీధివీధంతా టపాకాయలు పట్టుకుని బయల్దేరి ఊరిని లేపుతుంది, అందులో పిల్లలకన్నా ముసలివాళ్ల హడావిడే ఎక్కువ.

అన్నిటికన్నా ముఖ్యమైనది చివర చెబుతాను. అది మస్క్లెతా. పండుగ రోజుల్లో మధ్యాహ్నం రెండింటికి టౌన్‌హాలు చౌకులో పేల్చే మందుగుండు. పట్టపగలు కాలిస్తే రంగులేం కనబడతాయని అడిగేవాళ్లను చూస్తే నాకు జాలి. అది చూడ్డానికి కాదు. తాళ్లకు వరసలుగా వేలాడదీసిన మందుపొట్లాలు ఒక లెక్క ప్రకారం పేలుకుంటూ పోతాయి. మెల్లగా మొదలై, పెరిగి పెరిగి, మేము భూకంపం అని పిలుచుకునే చివరి భాగంలో ఊపిరాడనివ్వకుండా చేసి ఆగుతాయి. దాన్ని చెవులతో వినకూడదు. కాళ్లు ఎడంగా పెట్టి, నోరు తెరుచుకుని, పొట్టతో వినాలి. కొట్ల ఇనప షట్టర్ల పక్కన నిలబడకూడదు, అవి గడగడలాడి అసలు చప్పుడును పాడుచేస్తాయి. ఒంటిగంటకల్లా చౌకు చేరకపోతే ఇక బయల్దేరడం దండగ.

ఈ ఏడు వచ్చిన యాల్మారి ఇదంతా చేతులు కట్టుకుని విన్నాడు. ఫిన్లండ్ మనిషి, వాళ్ల ఊళ్లో ట్రాము నడిపి రిటైరయ్యాడు. మంచి పొడగరి, మాట బహు తక్కువ. మా భాష రాత్రిబడిలో నేర్చుకున్నాడట, అందుకని నోరు తెరిస్తే పుస్తకం చదివినట్టు ఉంటుంది. నేను చెప్పినవన్నీ చెప్పినట్టు చేశాడు. పది కొట్టేదాకా రొట్టెల కొట్టు ముందు నిలబడి గడియారం చూసుకున్నాడని పక్కింటావిడ నవ్వింది. బజారులో ఫొటో కోసమని పీతను కొని, దాన్నేం చేయాలో తెలియక బతికుండగానే ఇంటికి తెచ్చాడు. అతను వచ్చిందే మస్క్లెతా కోసం. అయినా వచ్చిన మర్నాడు వెళ్లబోతుంటే నేను ఆపాను. రోజుకొక మేస్త్రి కాలుస్తాడు, మిగతావాళ్లవి విని రుచి పాడుచేసుకోవద్దు, ఆఖరి రోజున నా మేనకోడలిది ఉంది, అంతదాకా పొట్ట ఖాళీగా ఉంచుకోమన్నాను. సరేనని ఆగిపోయాడు. అతని విమానం ఆ సాయంత్రానికే.

నా మేనకోడలు ఎల్వీరా మా అన్నయ్య సెరాఫీ కూతురు. అన్నయ్య ఊళ్లో పేరున్న మందుగుండు మేస్త్రి. పేలుళ్ల మధ్య బతికిన మనిషి కాబట్టి చెవులు మెల్లమెల్లగా పోయాయి. ఆ సంగతి చివరిదాకా ఎవరికీ చెప్పలేదు. కొన్నేళ్ల కిందట చౌకులో అతని మస్క్లెతా జరుగుతుండగా సరిగ్గా భూకంపానికి ముందు ఒక పక్క తీగ తెగింది. ఆ వరస పేలలేదు. చప్పుడు ఒక్కసారిగా కుంటిదైపోయి, కాసేపు తడబడి, మళ్లీ ఎలాగో అందుకుంది. అయిపోగానే జనం ఈలలు వేశారు. మా ఊళ్లో మస్క్లెతాకు ఈల పడిందంటే మొహాన ఉమ్మినట్టే. అన్నయ్యకు అవి వినపడలేదు. ఎత్తిన చేతులూ తెరిచిన నోళ్లూ చూసి మెచ్చుకుంటున్నారనుకున్నాడు. టౌన్‌హాలు మెట్లెక్కి అందరికీ వంగి వంగి దండాలు పెట్టాడు. ఎల్వీరా ఏడుస్తూ చొక్కా పట్టి లాగితేగానీ తెలియలేదు. ఆ రోజే కార్ఖానా కూతురికి అప్పగించి, ఆ చౌకు మొహం చూడడం మానేశాడు. అప్పటినుంచి పండుగకు మా వీధివాళ్లందరికీ పాయెల్లా వండడమే అతని పని.

ఈసారి చౌకులో ఎల్వీరా వంతు వచ్చింది, మొదటిసారి. పండుగకు ముందు ఒకరోజు నా వంటింటికి వచ్చి కూర్చుంది. కూర్చోగానే అంది, “అత్తా, చప్పట్లు ఎవరైనా కొడతారు. అది బాగుందో లేదో నాకు చెప్పాల్సింది నాన్న ఒక్కడే. నాన్న రాకపోతే నేను కాల్చినా కాల్చనట్టే.” నేను తీసుకొస్తానని మాటిచ్చేశాను. మాటివ్వడం నాకు తుమ్మినంత తేలిక. ఎలా తీసుకెళ్లాలో మాత్రం ఆఖరి రోజు దాకా తోచలేదు.

ఆ రోజు మా వీధి నడుమ ఇసక పోసి, నారింజ చెట్టు కట్టెలు రాజేసి, బండి చక్రమంత మూకుడు ఎక్కించాడు అన్నయ్య. కోడిముక్కలూ కుందేలు ముక్కలూ చిక్కుడుకాయలూ నత్తలూ ఎసట్లో ఉడుకుతున్నాయి. చుట్టూ వీధి సంఘం అధ్యక్షుడు పస్కువాల్, అతని వెనక ఇంకో నలుగురూ తలా ఒక సలహా ఇస్తున్నారు. ఉప్పు చాలలేదని ఒకడు, మంట తగ్గించమని ఒకడు. నేను యాల్మారిని వెంటబెట్టుకుని వెళ్లి బతిమాలాను, తర్వాత తిట్టాను. అన్నయ్య పెదాల కదలిక చూసి మాట పోల్చుకుంటాడు, వినదలచుకోకపోతే కళ్లు మూసుకుంటాడు. నేను ఎల్వీరా పేరెత్తినప్పుడల్లా కళ్లు మూసుకుంటున్నాడు. పొద్దెక్కిపోతోంది. చేయి పట్టి లాగేసరికి చివరికి కళ్లు తెరిచాడు.

“చెవుల్లేనివాణ్ని, నేనొచ్చి ఏం చేస్తానే? జనం మొహాలు చూసి తెలుసుకోవాలి. కిందటిసారి మొహాలే చూశాను. ఎంత బాగా చూశానో ఊరంతా చూసింది” అన్నాడు.

అప్పుడు యాల్మారి ముందుకు వచ్చి, అన్నయ్యకు ఎదురుగా నిలబడి, టోపీ తీశాడు. అతను ఒక్కో అక్షరం విడదీసి పలుకుతాడు కాబట్టి మా అందరి మాటకన్నా అతని మాటే అన్నయ్యకు బాగా అందుతుంది.

“అయ్యా, మస్క్లెతాను చెవులతో వినరాదనియు, పొట్టతో వినవలెననియు అమ్మగారు నాకు బోధించినారు. అది అసత్యమా?”

అన్నయ్య నా వైపు తిరిగాడు. “ఇలాగని చెప్పావా?”

“వచ్చిన ప్రతివాడికీ చెబుతాను” అన్నాను.

“నీకెవరు చెప్పారు?”

“నువ్వే. నన్ను మొదటిసారి చౌకుకు తీసుకెళ్లింది నువ్వే కదా. చెవులు మూసుకుంటే చేతులు లాగేసి మరీ చెప్పావు.”

చుట్టూ ఉన్నవాళ్లు కూడా సలహాలు ఆపారు. అన్నయ్య మంటకేసి చూస్తూ నిలబడ్డాడు, మెత్తబడ్డాడనుకున్నాను. ఉన్నట్టుండి పక్కనున్న బియ్యం సంచి ఎత్తి, మూకుడుకు అడ్డంగా ఒక గీత గీసినట్టు బియ్యం మొత్తం ఎసట్లో పోసేశాడు. అప్పుడే పోయాల్సిన పని లేదు. తినేవాళ్లు ఇంకా బల్లలే వేయలేదు.

“అదిగో, బియ్యం పడ్డాయి. ఇక నేను కదలకూడదు” అన్నాడు.

మా ఊరివాళ్లకు తప్ప ఇంకెవరికీ తోచని మొండితనం అది. బియ్యం పడ్డాక దించేదాకా వండేవాడు మూకుడు వదలడు. పెళ్లయినా చావయినా ఆ తర్వాతే. నాకు ఒళ్లు మండిపోయింది. పస్కువాల్ మాత్రం ముఖం వెలిగిపోయి, నేను చూసుకుంటాలే నువ్వెళ్లు అంటూ గరిటె కోసం చేయి చాపాడు. అతని వెనక ఇంకో నాలుగు చేతులు లేచాయి.

అన్నయ్య గరిటె వెనక్కి లాక్కున్నాడు. “నీ చేతికిస్తే కలుపుతావు. వాడు ఉప్పేస్తాడు. వీడు మంట పెంచుతాడు. మీరందరూ వంటగాళ్లే, అదే నా భయం.”

ఇది ముమ్మాటికీ నిజం. ఒకసారి బియ్యం సర్దాక మూకుడును ముట్టుకోకూడదని పసిపిల్లవాడు కూడా చెబుతాడు, ముట్టుకోకుండా ఉండగలిగినవాడు మాత్రం మా వీధిలో పుట్టలేదు.

“అయ్యా, నాకు వంట రాదు. తాకవద్దనిన తాకను. ఎవరినీ తాకనివ్వను” అన్నాడు యాల్మారి.

వీధి వీధంతా పగలబడి నవ్వింది. అన్నయ్య నవ్వలేదు. అతన్ని కింది నుంచి పైదాకా చూస్తున్నాడు. నేను గాభరాపడి యాల్మారి చేయి పట్టుకుని, నువ్వొచ్చిందే దీని కోసం, సాయంత్రం విమానం, మళ్లీ దొరకదు అని చెప్పాను. అతను తల ఊపాడు.

“నేను మరల రాగలను. ఆమె మొదటి మస్క్లెతా మరల రాదు” అన్నాడు.

అన్నయ్య ఆ మాట అతని పెదాల మీద చూశాడు. చూసి, తన గరిటె అతని చేతిలో పెట్టాడు. పస్కువాల్ అయితే కూలబడినంత పని చేశాడు. ఊరుగాని ఊరివాడి చేతికి పాయెల్లా అప్పగించడం మా పేటలో ఎవరూ కనీవినీ ఎరగరు.

తర్వాత అన్నయ్య గబగబా చెప్పుకుపోయాడు. “నీళ్లు మూకుడు పిడికి కొట్టిన ఈ మేకుల కిందికి దిగగానే సగం కట్టెలు లాగెయ్. ఆఖర్న సన్నగా చిటపటమంటుంది, అడుగున మాడు కడుతుందన్నమాట, దీని రుచంతా అదే. నాకది వినపడక వాసన చూసి దించుతున్నా. నీకు చెవులున్నాయిగా, విను. వినపడగానే నిప్పంతా ఊడ్చేసెయ్. నేనొచ్చేదాకా ఎవడూ చెంచా పెట్టకూడదు.”

“ఎవరునూ పెట్టరు” అన్నాడు యాల్మారి.

పండుగ రోజుల్లో టాక్సీ, బస్సు మాట ఎత్తొద్దని అతిథులకు చెబుతాను. వాళ్ల కోసమని రెండు సైకిళ్లు ఉంచాను. వాటిని నేను తుడవడమే తప్ప తొక్కి ఎన్నాళ్లయిందో గుర్తులేదు. ఒకదాని మీద అన్నయ్య ఎక్కాడు, ఇంకోదాని మీద నేను. ఓడరేవు రోడ్డు పట్టి దూసుకుపోయాడు ఆ మనిషి. హారన్లు వినపడవు, గంటలు వినపడవు, వెనకనుంచి నేను పెట్టిన కేకలన్నీ దారినపోయేవాళ్లకే పనికొచ్చాయి. వంతెన దగ్గర నీళ్లు లేని తూరియా ఏట్లోకి దిగాం. ఆ ఏటి అడుగంతా ఇప్పుడు తోట, అక్కడ బండ్ల గొడవ లేదు. నారింజ పూల వాసన, ఎదురుగాలి, నా గుండె దడ. ఇంత వయసు వచ్చాక ఇంత సంతోషం ఏమిటా అని నాకే సిగ్గు వేసింది. అయినా నవ్వు ఆగలేదు.

ఏటి గట్టెక్కేసరికి వీధులు కిక్కిరిసి ఉన్నాయి. పట్టు గౌన్ల ఆడపిల్లలూ బాజాభజంత్రీల వాళ్లూ దారంతా నిండిపోయారు. సైకిళ్లు ఒక సందులో పడేసి నడక మొదలుపెట్టాం. ఒంటిగంట ఎప్పుడో దాటిపోయింది. నేను నలుగురికి చెప్పే లెక్క ప్రకారం ఇక వెళ్లడం దండగ. భుజాలతో తోసుకుంటూ, కాళ్లు తొక్కి క్షమాపణలు చెప్పుకుంటూ పోతుంటే చౌకు వైపు నుంచి ధడ్‌మని ఒక్కటి పేలింది. అన్నయ్య టక్కున ఆగి పొట్ట మీద చేయి వేసుకున్నాడు.

“రెమేయీ, అది హెచ్చరికేనా?”

అవునని తల ఊపాను. మస్క్లెతాకు ముందు, ఇక మొదలవుతుంది జాగ్రత్త అని ఒకటి పేలుస్తారు. నేను చెప్పకుండానే అతనికి తెలిసింది. అక్కణ్నుంచి అతనే నన్ను లాక్కుపోయాడు.

పడవల వీధి చివరిదాకా వెళ్లగలిగాం. చౌకు కనబడుతూనే ఉంది, కానీ ముందు జనం గోడ కట్టినట్టు నిలబడ్డారు. ఆ తోపులాటలో అన్నయ్య ఒక చెప్పుల కొట్టు షట్టరుకు వెళ్లి కొట్టుకున్నాడు. అలవాటు కొద్దీ నేను, షట్టరు దగ్గర వద్దు ఇటు రమ్మని చేయి లాగాను.

“ఉండవే” అని వీపు దానికి గట్టిగా ఆనించి, రెండు అరచేతులూ పరిచిపెట్టాడు.

టౌన్‌హాలు మేడ మీద పండుగ రాణి మైకు అందుకుంది. ఏటేటా అనే మాటే అది. “మందుగుండు మేస్త్రమ్మ గారూ, మస్క్లెతా మొదలుపెట్టవచ్చు.” అన్నయ్యకు అందేలా నేను ఆ మాటను పెదాలతో తిరిగి చెప్పాను. మేస్త్రమ్మ అన్నచోట రెండుసార్లు చెప్పాను.

మొదలైంది. ముందు దూరంగా ఒకటి, ఆగి ఇంకొకటి, తలుపు తట్టి లోపలికి రావచ్చా అని అడిగినట్టు. తర్వాత ఎడమ నుంచి వరస, కుడి నుంచి జవాబు. అన్నయ్య కళ్లు మూసుకున్నాడు. షట్టరు అతని వీపు వెనక సన్నగా వణకడం మొదలై, జోరు పెరిగేకొద్దీ గడగడలాడింది. అతని వేళ్లు ఆ ఇనప రేకు మీద తాళం వేస్తున్నాయి. ఎడమ, కుడి, రెండూ, మళ్లీ ఎడమ అని గొణుగుతున్నాడు. ఒక్కటీ తప్పలేదు. నేల అరికాళ్ల కింద కదులుతోంది, తెల్లటి పొగ మా వీధి మీదికి వచ్చేసింది. నా నోరు తెరుచుకునే ఉంది, పొట్టలో ఎవరో డోలు పట్టుకుని ఎగురుతున్నట్టుంది. పక్కనున్న పెద్దావిడెవరో నా భుజం పట్టుకుని ఊగిపోతోంది, ఆవిడెవరో నాకు తెలియదు, నేనూ ఆవిణ్ని పట్టుకున్నాను.

ఆగిపోయింది.

చివరి భూకంపానికి ముందు, సరిగ్గా అన్నయ్యది తెగిన చోటే. నా పైప్రాణాలు పైనే పోయాయి. చౌకంతా ఊపిరి బిగబట్టింది. ఎక్కడో ఒక మూల నుంచి ఒక ఈల లేచింది, దాని వెనకే ఇంకొకటి. దేవుడా ఈ పిల్లకు కూడానా అనుకున్నాను. అన్నయ్య మొహం వైపు చూడడానికి ధైర్యం చాలలేదు.

“తెగలేదు. ఆపింది” అన్నాడు అన్నయ్య. తన గొంతు తనకు వినపడదు కాబట్టి వీధిలో సగంమందికి వినపడేలా అన్నాడు.

ఆ మాట అయీ అవకముందే నాలుగు పక్కలనుంచీ ఒకే దెబ్బగా భూకంపం లేచింది. ఆ ఈలలు ఏమయ్యాయో తెలియదు. చప్పుడు మీద చప్పుడు పడి, ఆకాశం మీదికి ఎక్కి, కిందికి దూకి, నన్ను నిలువునా ఊపి వదిలింది. షట్టరు పిచ్చెత్తినట్టు కొట్టుకుంటోంది. అన్నయ్య దానికి అతుక్కుపోయి నోరంతా తెరుచుకుని నిలబడ్డాడు. నేను చిన్నప్పుడు చూసిన మొహం అది.

అయిపోయింది. అందరి చేతులూ పైకి లేచాయి, నోళ్లు తెరుచుకున్నాయి. అన్నయ్య కళ్లు తెరిచి అదే చూశాడు. అవే చేతులు, అవే నోళ్లు. అతని మొహంలో రంగు పోయింది.

“ఏంటే అది? ఈలలా?”

చప్పట్లని చెప్పబోయాను. ఈలోగా మా పక్కనున్నవాళ్లు సంతోషం పట్టలేక ఆ షట్టరును గుప్పిళ్లతో దబదబా బాదడం మొదలుపెట్టారు. అన్నయ్య ఉలిక్కిపడి వెనక్కి తిరిగాడు. రెండు చేతులూ దాని మీద పెట్టాడు, తర్వాత నుదురు కూడా ఆనించాడు. అలాగే నిలబడి ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. ఆ పెద్దావిడ మాకు తోడుగా ఏడ్చింది, ఎందుకో తెలియకుండానే.

చౌకులోకి వెళ్లే దారి లేదు. దూరంగా టౌన్‌హాలు మేడ మీద, దండాలు పెట్టడానికి ఎక్కిన ఎల్వీరా పొగలో చిన్న మచ్చలా కనిపించింది. నా ఫోను మోగింది.

“అత్తా, నాన్న వచ్చాడా?”

నేను నోరు తెరిచేలోగా అన్నయ్య ఫోను లాక్కున్నాడు. అవతల ఏమంటున్నారో అతనికి వినపడదు, చెప్పదలచింది మాత్రం అరిచి చెప్పాడు. “ఎల్వీరా, ఆ ఆపడం బాగుంది. తెగితే ఒక పక్కే ఆగుతుంది, నువ్వు నాలుగు పక్కలా ఆపావు. కానీ ఒక గుక్క ఎక్కువ ఆపావు. కాస్త ముందే వదలాల్సింది.” చెప్పి ఫోను నా చేతిలో పెట్టేశాడు.

అవతల నవ్వో ఏడుపో తెలియని చప్పుడు. “అత్తా, నిజంగానే వచ్చాడు” అంది.

మేము వీధికి తిరిగి వచ్చేసరికి సంఘం సభ్యులందరూ చెంచాలు చేత పట్టుకుని మూకుడు చుట్టూ నిలబడి ఉన్నారు. నడుమ యాల్మారి గరిటె అడ్డంగా పట్టుకుని కాపలా ఉన్నాడు. మూకుడు మీద వార్తాపత్రికలు కప్పి ఉన్నాయి. అప్పటికే తగాదాలు, బెదిరింపులు, బుజ్జగింపులు అన్నీ అయిపోయాయట. నిప్పు మెత్తబడ్డాక అతను ఇసకలో బోర్లా పడుకుని మూకుడు దగ్గర చెవి పెట్టి, అందరినీ నోరు మూసుకోమన్నాడట. పండుగ రోజున మా వీధి నోరు మూసుకుని ఉండటం అదే మొదలు. చిటపట వినపడగానే లేచి నిప్పంతా ఊడ్చేశాడు. ఆ తర్వాత ఒక్కణ్ని కూడా చెంచా పెట్టనివ్వలేదు.

అన్నయ్య కాగితాలు తీసి, చెంచా అడుగుదాకా దించి గీరాడు. కర్రుమంది. ఆ చప్పుడు అతనికి వినపడకపోయినా చేతికి తెలిసింది. మాడు బంగారం రంగులో, ఎక్కడా నల్లబడకుండా లేచి వచ్చింది. పైనున్న అన్నం మాత్రం అంతసేపు ఉండి చల్లబడి ముద్దయింది. అన్నయ్య తన జన్మలో అలాంటి అన్నం ముట్టలేదు, ఎవరైనా తింటే ఊరుకోలేదు. పస్కువాల్ సరిగ్గా అతని మొహానికి ఎదురుగా వచ్చి, చల్లారింది, మెత్తబడింది, ఇది కుక్కలు కూడా తినవు అన్నాడు. అన్నయ్య అతని పెదాలు శ్రద్ధగా చూశాడు.

“ఏమన్నావో వినపడలేదు” అని, యాల్మారిని పక్కన కూర్చోబెట్టుకుని మొదటి మాడు చెక్క అతని చెంచాలో వేశాడు.

మా దగ్గర పళ్లేలుండవు, మూకుడులోంచే ఎవరి ఎదుట ఉన్నది వాళ్లు తింటారు. అన్నయ్య తన ఎదురుగా ఉన్న ఆ ముద్దన్నం అంచుదాకా తినేశాడు. తింటూ, ఇక్కడికి ఎలా వినపడిందని యాల్మారిని అడిగాడు.

“దూరమున ఉరుము వలె వినబడినది. మధ్యలో ఆగినప్పుడు అందరూ అయ్యో అనినారు. పిదప మరల వచ్చినది. చాలా బాగున్నది” అన్నాడు యాల్మారి. కాస్త ఆగి, అబద్ధం చెప్పలేని మనిషి కాబట్టి, “పొట్టకు మాత్రము ఏమియు వినబడలేదు” అన్నాడు.

అన్నయ్య చెంచా కింద పెట్టేశాడు. అంతలో ఎల్వీరా వచ్చింది, మొహమంతా మసి, ఒంటినిండా మందు వాసన. తండ్రీ కూతుళ్లు కౌగిలించుకోలేదు. ఆమె అతని పక్కన ఇరుక్కుని కూర్చుని అతని చెంచాతోనే రెండు ముద్దలు తింది. అతను ఆమె చెవిలో ఏదో చెప్పాడు, చెవిలో అనుకుని వీధంతటికీ చెప్పాడు. ఆమె నవ్వుతూ లేచి తన వ్యానులోంచి పెద్ద టపాకాయల దండ తీసుకొచ్చింది, పెళ్లిళ్లకు కట్టే రకం. మా మేడ కమ్మీల నుంచి వీధి చివరి దీపస్తంభం దాకా కట్టింది. యాల్మారి సంచి గుమ్మంలో సర్ది ఉంది, బయల్దేరే వేళ అయింది.

నా ఇంటి కింది భాగం ఒకప్పుడు మా నాన్న వలల కొట్టు. దాని ఇనప షట్టరు కిర్రుమనేలా కిందికి లాగాను. అన్నయ్య యాల్మారిని భుజాలు పట్టి తీసుకొచ్చి దానికి ఆనించి, పక్కన తను ఆనుకున్నాడు. యాల్మారి టోపీ తీసి, కాళ్లు ఎడంగా పెట్టి, నేను చెప్పినట్టే నోరు బార్లా తెరిచాడు. అన్నయ్య కూడా తెరిచాడు. వాళ్లను అలా చూసి వీధిలో పిల్లలు పడీపడీ నవ్వారు.

ఎల్వీరా దీపస్తంభం దగ్గర వత్తి పట్టుకుని నిలబడింది గానీ అంటించలేదు, తండ్రి మొహం వైపే చూస్తోంది. అన్నయ్య నోరు మూసి, గొంతు సవరించుకున్నాడు.

“మందుగుండు మేస్త్రమ్మ గారూ, మొదలుపెట్టవచ్చు.”

చౌకులో అంత పని చేసి వచ్చిన పిల్లకు ఇక్కడ మొదటిసారి అంటుకోలేదు. రెండోసారికి అంటుకుంది. దండ అటునుంచి పేలుతూ, మా మీదికి పరుగెత్తుకొచ్చి, మేడ కమ్మీల దగ్గర పెద్ద దెబ్బతో ముగిసింది. షట్టరు ఇద్దరి వీపుల వెనకా గడగడలాడి ఆగింది. పొగ తేలిపోయాక యాల్మారి ఇంకా అలాగే ఉన్నాడు, ఒక చేయి పొట్ట మీద.

“వినబడినది” అన్నాడు.

అన్నయ్య ఆ మాట అతని పెదాల మీద చూసి, కూతురి వైపు తిరిగాడు. “నాకూ వినపడింది” అన్నాడు.